మంత్రిగారి మొదటి గ్లాసు

"ఇకమీదట ఈ ఊళ్లో ఒక్క నీటి బొట్టు కూడా రిటైర్ కాదు" అని నీటి సరఫరా మంత్రిగారు ప్రకటించినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. బొట్టు రిటైర్ కావడమంటే ఏమిటో నాకు తెలియలేదు. పక్క కుర్చీలో ఆయన్ని అడిగితే ఆయనకీ తెలియదట. మంత్రిగారి ఉపన్యాసంలో ఉన్న గొప్పతనమే అది. అర్థం కాకముందే చేతులు వాటంతటవే కలుస్తాయి.

తర్వాత ఆయనే విడమరిచి చెప్పారు. ఊరి డ్రైనేజీ నీళ్లని పాత ప్లాంటులో ఇప్పటికే శుద్ధి చేస్తున్నారు. చేసిన నీళ్లు ఊరికే కాలవలో కలిసిపోతున్నాయి. ఇప్పుడు ఆ నీళ్లని పట్టి తెచ్చి, వేడిచేసి, వచ్చిన ఆవిరిని ఒక పల్చటి పొర గుండా అవతలికి పంపి చల్లబరిస్తే వాన నీళ్లంత స్వచ్ఛమైన నీళ్లు తయారవుతాయి. ఆ పొరని మెంబ్రేన్ అంటారు. కొత్త ప్లాంటు మా కాలనీ గోడకి ఆనుకునే కట్టారు కాబట్టి మొదటి కుళాయిలు మాకే. ప్రారంభోత్సవం జరిగే రోజు నుంచి మా కాలనీకి వచ్చే మంచినీళ్ల ట్యాంకర్లు బంద్.

ఆ చివరి మాటకి జనంలో కాస్త కలకలం పుట్టింది. మంత్రిగారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

"మీకు ఏ అనుమానమూ అక్కర్లేదు. మొదటి గ్లాసు నేనే తాగుతాను" అన్నారు.

ఈసారి చప్పట్లు అర్థమయ్యే కొట్టాం.

నేనెవరో చెప్పలేదు కదూ. మా కాలనీ సంఘం కార్యదర్శిని. ఎన్నిక జరిగిన సమావేశానికి నేను వెళ్లలేదు. అందువల్ల ఏకగ్రీవంగా గెలిచాను. అప్పటినుంచీ ప్రభుత్వం ఏ కమిటీ వేసినా 'ప్రజల తరఫున' అన్న కుర్చీలో నన్నే కూర్చోబెడుతున్నారు. ఆ కుర్చీకి చేతులుండవు గానీ గౌరవం ఉంటుంది.

ఇంటికొచ్చి సంగతంతా చెబితే మా ఆవిడ వంటింట్లో బిందెల మీద మూతలు సర్దుతూ విన్నది. ఆవిడకి ఆవిరి గురించీ పొర గురించీ ఏ సందేహమూ లేదు. ఉన్నది ఒకటే ప్రశ్న. ట్యాంకర్ ఆగిపోయాక ఆ నీళ్లు బాగాలేవని తేలితే మనం ఏం తాగాలి? అందుకే కదా మంత్రిగారు ముందు తాను తాగుతానన్నది అని నచ్చజెప్పాను.

"సరే. ఆయన గొంతులో గుటక దిగడం నేను కళ్లారా చూస్తాను. నాకు ముందు వరసలో కుర్చీ చూడండి" అంది.

ప్రారంభోత్సవానికి ముందు మంత్రిగారు తనిఖీకి వచ్చారు. పర్యవేక్షణ కమిటీ సభ్యుడిగా నేను ఆయన వెనకాల నడిచే బాధ్యత నిర్వహించాను. ప్లాంటు లోపల వేడిగా, పంపుల రొదగా ఉంది. ఒక పక్క వేడినీళ్ల గొట్టాలు, ఇంకో పక్క చన్నీళ్ల గొట్టాలు, మధ్యలో బీరువా అంత పెట్టె. మెంబ్రేన్ అందులో ఉంది. పెట్టె చివర స్టీలు కుళాయి. దాని కింద కొత్త బకెట్టు, రిబ్బన్ కట్టి.

మంత్రిగారు కుళాయి ముందు నిలబడ్డారు. ఫొటోగ్రాఫర్ కెమెరా ఎత్తాడు. అందరం ఊపిరి బిగబట్టాం. ఒక బొట్టు పడింది. ఫొటోగ్రాఫర్ నొక్కేసరికి అది పడిపోయింది. "ఇంకోసారి సార్" అన్నాడు. మంత్రిగారు చిరునవ్వు చెదరకుండా అలాగే నిలబడ్డారు. రెండో బొట్టు కుళాయి చివర చాలాసేపు ఆలోచించుకుని, ఫొటోగ్రాఫర్ చెమట తుడుచుకుంటున్నప్పుడు పడింది. ప్రజల కోసం ఇంత ఓపిగ్గా నవ్వగలిగిన నాయకుణ్ణి నేను చూడలేదు. మూడో బొట్టుకి మాత్రం ఆయన నవ్వడం మానేశారు.

"ఇదేమిటి?" అని అడిగారు.

చీఫ్ ఇంజనీరుగారు ఇది ప్రాథమిక దశ అన్నారు. ప్రాథమిక దశకీ అంతిమ దశకీ మధ్య కొన్ని దశలు ఉంటాయన్నారు. అంతకుమించి ఆయనకి తోచలేదు. వెనక నుంచి కెమిస్ట్ అమ్మాయిని ముందుకి తోశారు. ఆ అమ్మాయికి కాంట్రాక్టు ఉద్యోగం. అడిగిన ప్రశ్నకి ఉన్న జవాబు చెప్పేస్తుంది. పర్మినెంట్ కాకపోవడానికి అదే కారణమని ఆఫీసులో అనుకుంటారు.

"ఇది రెయిన్‌కోటు గుడ్డ లాంటిది సార్. నీళ్లని రానివ్వదు, ఆవిరిని మాత్రం రానిస్తుంది" అంది పెట్టెని చూపించి.

"మా పార్టీ ఆఫీసు లాగా. మనిషిని రానివ్వరు, కబుర్లు మాత్రం వెళ్తాయి. మరి ఆవిరిని కూడా ఎందుకు ఆపుతోంది?"

"జిగురు పట్టేసింది సార్. పాత ప్లాంటు నుంచి వచ్చే నీళ్లలో ఇంకా మురికీ, సబ్బూ ఉంటాయి. వాటిని ముందే తీసేసే యూనిట్ డిజైన్‌లో ఉంది. కట్టలేదు."

ఎందుకు కట్టలేదని మంత్రిగారు అడగలేదు. ఆ యూనిట్ ఉండాల్సిన చోట ఇప్పుడు స్వాగతం అని రాసిన ఆర్చి ఉంది. ఆర్చి కట్టించింది మంత్రిగారి బావమరిది. తనిఖీలో ఆయన కూడా ఉన్నారు. తన ఆర్చి వైపు కిటికీలోంచి ఆప్యాయంగా చూసుకుంటున్నారు.

మంత్రిగారు కాసేపు పచార్లు చేసి, పని చెయ్యనివాళ్ల మీద శాఖాపరమైన చర్య ఉండాలి గదా అన్నారు. ఉండాలన్నారు చీఫ్ ఇంజనీరుగారు, అది తన గురించేమోనని లోపల వణుకుతూ.

"ఇక్కడ పని చెయ్యనిది ఎవరు?"

"మెంబ్రేన్ సార్."

"అయితే మెమో దానికే ఇవ్వండి."

ఇచ్చారు. పని మందకొడిగా సాగడానికి కారణాలేమిటో గడువులోగా లిఖితపూర్వకంగా తెలపాలని మెమో టైపు చేసి పెట్టె మీద అంటించారు. గడువు దాటినా జవాబు రాలేదు. కాబట్టి ఆరోపణలన్నీ అంగీకరించినట్టేనని ఫైల్లో రాసుకున్నారు. వాయిదా కోరకుండా, పైకి సిఫార్సు చేయించుకోకుండా తప్పు ఒప్పుకున్న ఉద్యోగి మా ఊరి చరిత్రలో ఈ మెంబ్రేన్ ఒక్కటే.

ప్రారంభోత్సవం దగ్గరపడింది. ప్లాంటు మొత్తం అద్దంలా మెరవాలని మంత్రిగారు ఫోనులో ఆదేశించారు. ఈ వార్త విని బావమరిదిగారు స్వచ్ఛందంగా ముందుకొచ్చారు. ఆయనకి ఆర్చీలు కట్టే వ్యాపారంతో పాటు సబ్బు పొడి ఫ్యాక్టరీ కూడా ఉంది. లారీ నిండా బస్తాలు తెచ్చి ప్రజాసేవ కింద దింపించారు. నేలా, గోడలూ, ట్యాంకులూ కడిగాక బస్తాలు మిగిలిపోయాయి. ఆయన చూపు పెట్టె మీద పడింది. జిగురు పట్టిందని ఆ అమ్మాయే కదా చెప్పింది.

కెమిస్ట్ అమ్మాయి పెట్టెకి అడ్డంగా నిలబడింది. మంత్రిగారిని పిలిపించాల్సి వచ్చింది.

"సబ్బు తగిలితే పొర తడిసిపోతుంది సార్. ఒకసారి తడిస్తే ఇక ఆవిరినీ నీళ్లనీ వేరు చెయ్యలేదు. అటు నీళ్లు అలాగే ఇటు వచ్చేస్తాయి. దీన్ని కడగడానికి వేరే మందులున్నాయి."

బావమరిదిగారు నొచ్చుకున్నారు. "బావా, ఇంటిల్లిపాదీ మన పొడితోనే ఉతుక్కుంటున్నారు. ఇన్నేళ్లలో ఒక్క గుడ్డ మాట్లాడలేదు" అన్నారు.

మంత్రిగారు తగవు తీర్చే పెద్దమనిషిలా ఇద్దరినీ చూశారు. "ఏమ్మా, సబ్బుతో కడిగితే పాడైపోయే వస్తువు లోకంలో ఎక్కడైనా ఉంటుందా?" అని అడిగారు.

"ఒకటుంది సార్. మీ ముందే ఉంది" అంది ఆ అమ్మాయి.

అందరం పెట్టె వైపు చూశాం. చూడక తప్పుతుందా. మంత్రిగారు పెట్టె తెరిచి పొరని కూడా కడగమన్నారు.

నురగ మోకాళ్ల దాకా వచ్చింది. ప్రజల భాగస్వామ్యం ఉండాలని నా చేతికీ ఒక బ్రష్షు ఇచ్చారు. నేను పెట్టె మూత రుద్దుతున్నట్టు పేపర్లో ఫొటో పడింది. ఆ ఫొటో ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. మా ఆవిడ దాన్ని బియ్యం డబ్బా వెనక పెట్టింది.

మర్నాడు పొద్దున్న పంపు వేయగానే అద్భుతం జరిగింది. కుళాయిలోంచి ధార కాదు, వరద. రిబ్బన్ కట్టిన బకెట్టు నిండి, పొర్లి, కొట్టుకుపోయింది. గోడమీద మీటరు ముల్లు చివరిదాకా వెళ్లి, ఇంకా వెళ్లడానికి చోటు లేక వణుకుతూ నిలబడింది. చీఫ్ ఇంజనీరుగారు కళ్లు తుడుచుకున్నారు. మంత్రిగారు టిఫిన్ మధ్యలో లేచి వచ్చారు.

"మెమో పనిచేసింది" అన్నారాయన.

శాఖలోని పంపులు, జీపులు, ఫ్యాన్లు అన్నిటికీ ఒక్కో మెమో అంటించాలని అక్కడికక్కడే ఆర్డరు వేశారు.

అందరూ ఒకరినొకరు అభినందించుకుంటుండగా కెమిస్ట్ అమ్మాయి చేతిలో చిన్న మీటరుతో వచ్చింది. అది నీళ్లలో ఉప్పూ మలినాలూ ఎంత ఉన్నాయో చూపించే పరికరం. పాత ప్లాంటు నుంచి లోపలికొచ్చే నీళ్లలో ముంచి చూపించింది. కుళాయి నీళ్లలో ముంచి చూపించింది. రెండు చోట్లా అదే అంకె.

గదిలో సందడి తగ్గింది. మీటరు పాడైందేమోనని చీఫ్ ఇంజనీరుగారు దాన్ని రెండుసార్లు తట్టారు. కొత్తది తెప్పించారు. అదీ అలాగే చూపించింది. అత్యవసర సమావేశం పెట్టారు. చేతుల్లేని కుర్చీలో నేనూ కూర్చున్నాను. చీఫ్ ఇంజనీరుగారు బల్ల మీద గీతలు గీస్తున్నారు. బావమరిదిగారు సబ్బు పొడిని ఎవరూ తప్పుపట్టకూడదని ఎవరూ అడక్కుండానే అన్నారు. మంత్రిగారు మాత్రం కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించారు. తర్వాత కళ్లు తెరిచారు.

"అంటే, లోపలికొచ్చే నీళ్లు కూడా బయటికి వెళ్లే నీళ్లంత శుభ్రంగా ఉన్నాయన్నమాట" అన్నారు.

ఇంతమంది చదువుకున్నవాళ్లం ఉన్నాం, ఒక్కరికీ ఈ కోణం తట్టలేదు. చీఫ్ ఇంజనీరుగారి ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. ఇంత మంచి నీళ్లు పంపుతున్నందుకు పాత ప్లాంటు సిబ్బందికి ప్రశంసాపత్రాలు ఇవ్వాలని తీర్మానించారు. నేను బలపరిచాను.

తలకిందులుగా అర్థం చేసుకున్నారని కెమిస్ట్ అమ్మాయి చెప్పబోయింది. మంత్రిగారు ఆమె నిజాయితీని మనస్ఫూర్తిగా మెచ్చుకుని, లేబొరేటరీ భారం నుంచి తప్పించి, ప్లాంటు ఆవరణలో పచ్చదనం పెంచే బాధ్యత అప్పగించారు. ఆమె మీటరు బల్ల మీద పెట్టేసి, మొక్కలకి నీళ్లు పోసే రోజ్‌క్యాన్ తీసుకుని వెళ్లింది.

ప్రారంభోత్సవం రోజు మా ఆవిడకి ముందు వరసలో కుర్చీ దొరికింది. కళ్లజోడు తుడుచుకుని మరీ పెట్టుకుంది. వేదిక మీద వరసగా మంత్రిగారు, చీఫ్ ఇంజనీరుగారు, బావమరిదిగారు, చివర్న నేను. మంత్రిగారు రిబ్బన్ కత్తిరించారు. వేదిక పక్కన గుంట తీసి ఉంచిన చోట మొక్క నాటారు. ఆ మొక్క పక్కన రోజ్‌క్యాన్‌తో ఆ అమ్మాయి నిలబడింది. ఆఖరికి పళ్లెంలో గాజు గ్లాసు వచ్చింది.

గ్లాసు పైభాగాన వేలెడు నురగ ఉంది. నీళ్లు పాలలా స్వచ్ఛంగా ఉన్నాయని వ్యాఖ్యాత మైకులో అన్నాడు.

మంత్రిగారు గ్లాసు ఎత్తి జనానికి చూపించారు. ఫొటోలు తీశారు. గ్లాసు పెదవుల దాకా వెళ్లింది. మా ఆవిడ కుర్చీలో ముందుకి వంగింది. అక్కడ గ్లాసు ఆగింది.

"ఈ నీటి వెనక నా ఒక్కడి కష్టమే ఉందా? చీఫ్ ఇంజనీరుగారి రాత్రింబవళ్ల శ్రమ ఉంది. ఈ గౌరవం ఆయనది" అని గ్లాసు పక్కకి అందించారు.

చీఫ్ ఇంజనీరుగారు గ్లాసు అందుకుని కళ్లకద్దుకున్నారు. బావమరిదిగారి సబ్బు పొడే లేకపోతే ఈ రోజు ఉండేదే కాదని, అర్హత ఆయనదేనని చెప్పి ఇటు జరిపారు. ఆ మాటలో అబద్ధం లేదు. బావమరిదిగారు గ్లాసులోకి చూశారు. తన సరుకుని గుర్తుపట్టినట్టున్నారు. ప్రజాస్వామ్యంలో ప్రజలే ప్రభువులని గట్టిగా చెప్పి, ప్రజల ప్రతినిధినైన నా చేతిలో పెట్టారు.

నా పక్కన ఇంకెవరూ లేరు.

ముందు వరసలోంచి మా ఆవిడ నన్నే చూస్తోంది. గ్లాసులో నురగ చిటపటమంటోంది. ఆ క్షణంలో నా నోట్లోంచి మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. మొదటి గ్లాసు మంత్రిగారే తాగాలని మా కాలనీ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించిందని మైకులో చెప్పాను. కాలనీ మొత్తం లేచి చప్పట్లు కొట్టింది. ఇంతకు ముందెన్నడూ మా సంఘంలో అంత ఐకమత్యం లేదు. గ్లాసు వచ్చిన దారినే బావమరిదిగారి మీదుగా, చీఫ్ ఇంజనీరుగారి మీదుగా మంత్రిగారికి చేరింది.

మంత్రిగారు గ్లాసుని చూశారు. జనాన్ని చూశారు. అటూ ఇటూ చూసి వేదిక దిగి, అప్పుడే నాటిన మొక్క దగ్గరికి నడిచారు.

"మనం నోరు తెరిచి అడగగలం. ఇది అడగలేదు. మొదటి గ్లాసు దీనిది" అని నీళ్లన్నీ దాని మొదట్లో పోశారు. దీని ఆలనాపాలనా స్వయంగా తానే చూసుకుంటాననీ, నెలనెలా వచ్చి దీని పక్కన ఫొటో దిగుతాననీ, దీనికి రోజూ ప్లాంటు నీళ్లే పొయ్యాలనీ ప్రకటించారు.

ఆడవాళ్లు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. తాను తాగకుండా మొక్క దాహం తీర్చిన మంత్రి అని మర్నాడు పేపర్లు రాశాయి. మా ఆవిడ మాత్రం సభ అయ్యేదాకా ఆగలేదు. ఇంటికెళ్లి బిందెల మూతలు తీసి ఎక్కడెక్కడ ఎంత నీళ్లున్నాయో చూసుకుంది. నేను వెళ్లేసరికి ఒకటే మాట అంది.

"గుటక దిగలేదు."

ట్యాంకర్ ఆగిపోయింది. కుళాయిల్లో ప్లాంటు నీళ్లు వచ్చాయి. గిన్నెలు తోమడానికి వేరే సబ్బు అక్కర్లేకుండా పోయిందని సంఘం తరఫున నేను హర్షం వెలిబుచ్చాను. కాచి చూశాం, వడగట్టి చూశాం. కాచినకొద్దీ నురగ పొంగింది. పక్కింటివాళ్లు బంధువుల ఇంటి నుంచి స్కూటర్ మీద నీళ్లు మోసుకుంటున్నారు. మా ఆవిడ దగ్గర ఆఖరి బిందె అడుగంటింది. దాని మూత తీసి, లోపలికి చూసి, ఏమీ అనకుండా మళ్లీ మూసింది. తిట్టినా బాగుండేది. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

అర్జీ పట్టుకుని చీఫ్ ఇంజనీరుగారి ఆఫీసుకి వెళ్లాను. ఆయన సానుభూతితో విన్నారు. ట్యాంకర్ పంపడం కష్టం కాదన్నారు. కానీ పంపితే ప్లాంటు నీళ్లు బాగాలేవని శాఖ ఒప్పుకున్నట్టవుతుంది. ఒప్పుకుంటే మంత్రిగారు మొక్కకి పోసిందేమిటన్న ప్రశ్న వస్తుంది. పైగా రికార్డు ప్రకారం మా కాలనీ ఇప్పుడు మిగులు నీటి ప్రాంతం. మనుషులు తాగడానికి అన్న కారణం తప్ప ఇంకేదైనా కారణముంటే చెప్పమన్నారు. నాకు ఇంకే కారణమూ తోచలేదు.

అప్పుడే కెమిస్ట్ అమ్మాయి లోపలికొచ్చింది. నన్ను చూసి తలూపింది. చేతిలో వాడిపోయిన ఆకు ఒకటుంది. దాన్ని బల్ల మీద పెట్టింది.

"మంత్రిగారి మొక్క సార్."

చీఫ్ ఇంజనీరుగారు లేచి నిలబడ్డారు.

"ఆర్డరు ప్రకారం రోజూ ప్లాంటు నీళ్లే పోస్తున్నాను. ఇలా అయితే ఫొటో రోజుకి ఉండదు. బాధ్యులెవరని అడుగుతారేమో" అంది మామూలుగా.

ఆయనకి చెమటలు పట్టాయి. ఏం చేస్తే బతుకుతుందని అడిగారు. మంచినీళ్లు పోస్తే బతుకుతుందంది. ఎన్ని కావాలన్నారు. రోజూ పొద్దున్న ఒక చెంబెడు చాలంది.

ఆయన నీరసంగా కూలబడ్డారు. "చెంబెడు ఎలా మంజూరు చేస్తానమ్మా? మన శాఖలో చెంబుల లెక్క లేదు. ట్యాంకరుకి తక్కువ రాయడానికి ఫారంలో గడే లేదు."

"అయితే ట్యాంకరే రాయండి సార్" అంది.

మా కాలనీ అర్జీ మీద సంతకం కోసం ఎన్ని రోజులు తిరగాలో నాకు తెలియదు గానీ, ఆ సంతకం నా కళ్లముందే పడింది. మంత్రిగారి మొక్క సంరక్షణ నిమిత్తం రోజుకో మంచినీళ్ల ట్యాంకరు, తదుపరి ఉత్తర్వుల దాకా.

ఇప్పుడు రోజూ పొద్దున్నే స్వాగతం ఆర్చి కింద నుంచి ట్యాంకరు వస్తుంది. ఆ అమ్మాయి దాన్ని మొక్క పక్కన నిలబెట్టించి, ఒక చెంబెడు పట్టి జాగ్రత్తగా మొదట్లో పోస్తుంది. మొక్క బ్రహ్మాండంగా చిగురించింది. మిగిలిన నీళ్లు పారబోయడానికి వీల్లేదు, ఒక్క బొట్టు కూడా రిటైర్ కాకూడదని మంత్రిగారి ఆదేశం ఉంది కదా. అందుకని ప్లాంటు గేటు తీసి ఉంచుతారు. మేమందరం బిందెలతో వరసలో నిలబడతాం. మా కాలనీకి మంచినీళ్లు ఇప్పుడు ప్లాంటులోంచే వస్తున్నాయి. మంత్రిగారు చెప్పింది చెప్పినట్టు జరిగింది.

ఒక ట్యాంకరు కాలనీ చివరి ఇళ్లదాకా సరిపోవడం లేదని నిన్న సంఘం సమావేశంలో ఫిర్యాదు వచ్చింది. మంత్రిగారిని మళ్లీ ఘనంగా ఆహ్వానించి, ఆయన చేతుల మీదుగా ఇంకో మొక్క నాటించాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. ఎక్కడ నాటించాలన్నది ఇంకా తేలలేదు. ఆహ్వానపత్రం రాస్తుంటే మా ఆవిడ వెనక నుంచి తొంగిచూసింది.

"ఏమండీ, మన గుమ్మం ముందు నాటమనండి. ఈసారి నాకు కుర్చీ అక్కర్లేదు" అంది.